తడిగుడ్డ మీద అర డిగ్రీ

కొత్తపాలెం ఉప్పుమడుల వాతావరణ స్టేషన్, రోజువారీ పుస్తకం
పరిశీలకురాలు: దాసరి ఎస్తేరు

మే 2, యుద్ధం పదకొండో ఏడు

మధ్యాహ్నం పన్నెండు. పొడి 37.4. తడి 29.6. గాలి ఆగ్నేయం, అంతంత మాత్రం. ఎగిరిన విమానాలు 11. సైరన్ లేదు.

"వివరములు" అనే గడిలో ఒక్క వాక్యానికి మించి రాయకూడదని పుస్తకం అట్ట లోపల అచ్చువేసి ఉంది. ఇరవై నాలుగేళ్లు బుద్ధిగా పాటించాను. ఇప్పుడు ఈ పుస్తకాలు చదివే ఆఫీసే లేదు. ఆ మేడను నాలుగేళ్ల కిందట సైన్యం తీసుకుంది. అయినా నెలకో కొత్త పుస్తకం మాత్రం ఠంచనుగా వస్తుంది. చదివే దిక్కు లేనప్పుడు ఎంత రాస్తే ఎవరికేం నష్టం?

నా పని చెప్పుకోడానికి చిన్నది. చెక్కపెట్టెలో రెండు గాజు థర్మామీటర్లు పక్కపక్కన వేలాడుతుంటాయి. ఒకటి ఉత్తది. రెండోదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. మొదటిది ఎండ ఎంతో చెబుతుంది. రెండోది, ఆ ఎండలో చెమట పట్టి ఆరి మనిషి ఒళ్లు చల్లబడుతుందో లేదో చెబుతుంది. తడిది ముప్పై ఒకటి దాటితే చెమట కారుతుంది కానీ ఆరదు. మనిషి లోపలి నుంచి ఉడికిపోతాడు. కాబట్టి ముప్పై ఒకటి దాటగానే నేను చేతి సైరన్ మూడుసార్లు తిప్పాలి. మడుల్లో ఉన్న నూట నలభై మంది ఉప్పు లాగే పలకలు కింద పడేసి, నేలలోకి తవ్విన చల్లగదిలోకి వచ్చేయాలి. దాటకపోతే పని సాగుతుంది. అంతే.

ఎండను కొలిచే కరెంటు యంత్రాలు ఉండేవి ఒకప్పుడు. యుద్ధం మూడో ఏడు సైన్యం గాల్లో సిగ్నళ్లను చెడగొట్టే పరికరాలు పెట్టినప్పటి నుంచి తీరం పొడుగునా అవన్నీ పిచ్చి అంకెలు చూపించడం మొదలుపెట్టాయి. ఒకసారి సంక్రాంతి ముందు అరవై రెండు డిగ్రీలు చూపించింది మాది. తర్వాత, మూతపడిన హైస్కూలు సైన్సు గదిలోంచి ఈ గాజువి తెచ్చుకున్నాను.

పదకొండున్నరకు యోబు బావ మంచినీళ్లకు వచ్చాడు. సువార్త అక్క మొగుడు. మడుల్లో ముప్పై ఏళ్లుగా ఉప్పు లాగుతున్నాడు.

"ఏం మరదలా, ఈ పూట మాకు సెలవిస్తావా, ఇంకా గొడ్డు చాకిరీ చేయిస్తావా?"

"ఇరవై తొమ్మిదే బావా. పోయి పని చూసుకో."

"నీ చేతిలో గనక పెట్టాడు దేవుడు. మీ అక్క చేతిలో పెడితే నన్ను నలభైలో గూడా తోలేది" అని నవ్వుకుంటూ పోయాడు.

మే 5

పొడి 38.0. తడి 30.9. విమానాలు 14. సైరన్ లేదు.

గుడ్డ మార్చి నలభై రోజులైంది. పదిహేను రోజులకోసారి మార్చాలి. పల్చటి దూది గుడ్డ కావాలి, అది గాయాలకు చుట్టే గుడ్డే. కాబట్టి ఉన్నదంతా సైనికాసుపత్రులకు పోతోంది. ఊళ్లో చీర చింపి కడదామంటే దానికి గంజి, రంగు ఉంటాయి, అవి నీటిని సరిగా పీల్చనివ్వవు.

ఉప్పుగాలికి పాత గుడ్డ మీద ఉప్పు పేరుకుంటుంది. ఉప్పు పట్టిన గుడ్డ సరిగా ఆరదు. ఆరకపోతే చల్లబడదు. అందుకని ఉన్నదానికంటే ఓ అర డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది. తడిగుడ్డ అబద్ధమాడితే ఎప్పుడూ ఎక్కువే ఆడుతుంది, తక్కువ ఆడదు. ఇది మా పనిలో ఉన్నవాళ్లకే తెలిసిన గుట్టు.

అందుకే రోజూ పన్నెండుకు ఉత్తరపు స్టేషన్‌లో అంకమ్మరావు గారికి ఫోను చేస్తాను. ఆయనది మెరక ఊరు, ఉప్పుగాలి ఉండదు. "నీదెంతమ్మా?" అంటాడు. "ముప్పై మీద తొమ్మిదండీ" అంటాను. "నాది ముప్పై మీద నాలుగే. నీ గుడ్డకు ఉప్పు పట్టిందమ్మా, సైరన్ ఊదమాకు" అంటాడు. ఇరవై ఏళ్లుగా ఇదే మాట. ఆయన ముఖం నేనెప్పుడూ చూడలేదు.

మే 8

పొడి 38.1. తడి 30.2. విమానాలు 19.

గోరుచుట్టు మీద రోకలిపోటు. ఫోను తీసేశారు.

సైన్యం డిపో నుంచి హవల్దార్ ఎల్లేష్ వచ్చాడు. తెలంగాణ మనిషి, నలభై దాటి ఉంటాడు. ఎప్పుడూ నిద్ర చాలనట్టే ఉంటాడు. జేబులోంచి కాగితం తీసి, చదవలేక నోటితోనే చెప్పాడు.

"అక్కా, ఇగ నుంచి ఎండ ఎంతున్నదో నువ్వు ఎవ్వలకు చెప్పొద్దు. ఊరోళ్లకు గూడ. రోజూ ఒంటిగంటకు నేనొస్త, అంకె కవర్ల పెట్టి ముద్రేసి నాకియ్యి."

"ఎండ రహస్యమా?"

"గంతే మరి. వేడి గాలి పల్చగుంటదట. విమానం బరువు మొయ్యలేదట. ఎండ ఎంతో తెలిస్తె మనోళ్లు ఎన్ని బాంబులు ఏస్కపోతున్నరో అవతలోనికి తెలుస్తదట."

"అవతలవాడి మీద ఎండ కాయదా?"

"కాస్తది. వాని ఎండ వాడు జూస్కోవాలె. మన ఎండ జూడొద్దు" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

సైరన్ మాత్రం ఊదుకోవచ్చట. ఆ మేరకు దయ.

మే 11

పొడి 38.5. తడి 31.1. సైరన్ ఊదాను. విమానాలు 22.

నిన్నా ఊదాను, ఈ రోజూ ఊదాను. రెండూ తప్పుడువే. అంకమ్మరావు గారిని అడుగుదామంటే ఫోను లేదు. ఊదిన తర్వాత మనసు పీకి, దాచుకున్న వాననీళ్లలో గుడ్డ ఉతికి మళ్లీ చూశాను. 30.6 చూపించింది. అప్పటికే నూట నలభై మంది చల్లగదిలో గంటన్నర కూర్చున్నారు.

మడుల మేస్త్రీ పోలేరయ్య స్టేషన్ ముందే నిలదీశాడు. ఈ ఉప్పు డిపోకి పోతుంది. దాంతో బ్యాటరీలు చేసి మనిషి లేని విమానాల్లో పెడతారు. రోజుకు ఇంత అని తూకం. తగ్గితే చల్లగదికి ఇచ్చే కరెంటు తగ్గిస్తారు.

"ఎస్తేరమ్మా, నీ గుడ్డ అబద్ధాలాడతంది. ఇట్టా రోజూ ఊదితే కరెంటు పీకేస్తారు. అప్పుడు నిజంగా ఎండొచ్చిన నాడు ఈ జనాన్ని యాడ పెట్టాల?"

ఆయనది కోపం కాదు, భయం. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఉతకడానికి వాననీళ్లు కూడా అయిపోయాయి. ఈ రోజు నుంచి గుడ్డకు ఉప్పు పట్టినందుకు అర డిగ్రీ తీసేసి రాస్తాను.

మే 14

పొడి 38.3. తడి 31.0, ఉప్పు తీయగా 30.5. విమానాలు 26.

నెలకోసారి నింపాల్సిన పొగ పత్రం వచ్చింది. ఊళ్లో పొయ్యిలెన్ని, గొడ్లెన్ని, ఇంజన్లెన్ని అని గడులు. మాది ఒకే పొయ్యి, ఊరందరికీ కలిపి. పూటకు ఒక్కసారి వెలిగిస్తాం. గొంతు నొప్పి పట్టిన ముసలామె వేణ్ణీళ్లు అడిగితే సాయంత్రం దాకా ఆగమంటాం. అంత పొదుపు. భూమి వేడెక్కిపోతోంది కదా, మనం కారణం కాకూడదు.

పత్రం చివరి వరుసలో "రక్షణ అవసరాలు" అని ఉంటుంది. దాని గడి మీద అచ్చులోనే అడ్డగీత కొట్టి ఉంటుంది. రాయడానికి వీల్లేదు, అడగడానికి వీల్లేదు. మైలు దూరంలో హైవేని రన్‌వే చేసి రోజుకు ఇరవై ఆరు విమానాలు ఎగరేస్తున్నారు. ఒక్కటి లేవడానికి తాగే నూనెతో మా ఊరి పొయ్యి ఎన్నేళ్లు మండుతుందో లెక్కగట్టబోయి కోపమొచ్చి మానేశాను.

అవి వదిలిన తెల్లచారలు సాయంత్రానికి ఒకదానితో ఒకటి కలిసిపోయి ఆకాశమంతా పరుచుకుంటాయి. దుప్పటి కప్పినట్టు కింది వేడిని పైకి పోనివ్వవు. పాత పుస్తకాలు తిరగేశాను. నేను చేరిన ఏడు మే నెల మొత్తంలో సైరన్ రెండుసార్లు మోగింది. నూనె బావులు తగలబడిన యుద్ధం ఆరో ఏడు పదకొండుసార్లు. పోయినేడు పందొమ్మిది. శత్రువు ఎవరో నాకు తెలియదు గానీ మా మడుల్లో ఇప్పటిదాకా ఒక్క బాంబూ పడలేదు. పడ్డదల్లా ఎండే.

మే 16

పొడి 36.2. తడి 28.3. విమానాలు 17.

మంచి రోజు. కవరు తీసుకోడానికి వచ్చిన ఎల్లేష్ చొక్కాలోంచి ఓ పొట్లం తీశాడు. కొత్త దూది గుడ్డ, మూడు మూరలు.

"ఆస్పత్రిల అడుక్కొచ్చిన అక్కా. నీ గుడ్డ పాడైందని మేస్త్రీ లొల్లి జేస్తుండు గద. ఎవ్వలకు చెప్పకు."

ఇది కూడా రహస్యమేనన్నమాట. ఓ సీసా మంచి నీళ్లు కూడా ఇచ్చాడు. పాత గుడ్డ ఊడదీస్తే అప్పడంలా పెళపెళలాడింది. కొత్తది చుట్టి దారం కట్టాను. చిన్నపిల్లకు తల దువ్వినంత తృప్తిగా అనిపించింది. చాలా రోజుల తర్వాత పని పనిలా ఉంది.

మే 17

పొడి 35.9. తడి 28.0. మబ్బు. విమానాలు 9.

మే 18

పొడి 36.8. తడి 28.9. మబ్బు విడిచింది. విమానాలు 15.

మే 19

పొడి 38.6. తడి 31.2, ఉప్పు తీయగా 30.7. సైరన్ లేదు. గాలి లేదు. విమానాలు 34, ఇప్పటిదాకా ఇదే ఎక్కువ.

యోబు బావ నీళ్లకు వచ్చి ఈ రోజు వేళాకోళం ఆడలేదు. గట్టు మీద కాసేపు కూర్చున్నాడు.

"ఉక్కగా ఉంది మరదలా. ఊపిరి ఆడటం లా."

"ముప్పై ఒకటి లేదు బావా. కాసేపు నీడలో కూర్చొని పో."

"నువ్వు లేదంటే లేదులే" అని లేచి పోయాడు.

మే 20

పొడి, తడి చూడలేదు.

నిన్న రెండున్నరకు బావ మడిలో పడిపోయాడు. ఉప్పు కుప్ప చేస్తూ చేస్తూ మోకాళ్ల మీద కూలబడ్డాడట. ఏదో పోయింది వెతుక్కుంటున్నాడు అనుకున్నారట పక్కవాళ్లు. మోసుకొచ్చేసరికి ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట లేదు. ఇంకో ఆరుగురు వాంతులు చేసుకున్నారు, వాళ్లు దక్కారు. బావ చల్లగది మెట్ల మీదే పోయాడు.

పొద్దున గుడ్డకు నీళ్లు పోద్దామని పెట్టె తెరిచాను. గుడ్డ తెల్లగా, మెత్తగా ఉంది. ఉప్పు లేదు. ఎలా ఉంటుంది? నేనే కదా మొన్న మార్చింది.

మూడు రోజులు చల్లగా ఉండటంతో తీసివేత అవసరం రాలేదు. నిన్న ముప్పై ఒకటి కనబడగానే చెయ్యి తనంతట తాను అర డిగ్రీ తీసేసింది. మనసు అడగనే లేదు. నిన్నటి అంకె నిజంగా 31.2. నేను సైరన్ తిప్పాలి. తిప్పలేదు.

బావను నేనే చంపాను. ఎటు తిప్పి రాసినా ఇదే వాక్యం వస్తోంది.

మే 22

పొడి 37.9. తడి 30.3. విమానాలు 29.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. బావను మట్టి చేసిన మర్నాడే డిపో నుంచి కాగితం వచ్చింది. ఇంటికో మనిషి చొప్పున మడిలో ఉండాలి కాబట్టి, యోబు బదులు ఆ ఇంటి నుంచి ఎవరు వస్తారో తెలపాలట. పిల్లలు లేరు. ఉన్నది సువార్త అక్క ఒక్కతే.

ఇంకో కాగితం నాకు. పందొమ్మిదో తారీఖు మధ్యాహ్నం తడి 30.7 అనీ, హద్దు దాటలేదనీ, చావు గుండె జబ్బు వల్లననీ. కింద నా సంతకానికి గీత.

"ఇది నిజం కాదు తమ్ముడూ" అన్నాను. గుడ్డ సంగతి, అర డిగ్రీ సంగతి మొత్తం చెప్పాను.

"గుడ్డ తెచ్చింది నేనే గద" అన్నాడు ఎల్లేష్. "సంతకం పెట్టకుంటె నిన్ను తీసేస్తరక్కా. ఈ స్టేషన్ల మా డిపోల ఉన్నోన్ని కూసోవెడ్తరు. వాడు సైరన్ తిప్పుతడనుకుంటున్నవా? తూకం తగ్గనిస్తడా?"

పెట్టాను సంతకం. నూట నలభై మంది కోసమని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి భయం వేసింది.

మే 25

పొడి 38.2. తడి 30.6. విమానాలు 31.

అక్క రేపటి నుంచి మడిలోకి దిగాలి. బావ పలక పట్టుకుని అలవాటు చేసుకుంటోంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు ఎంతుంది?" అంది, నా వైపు చూడకుండా.

చెప్పకూడదని ఉత్తర్వు. ఇంకో అంకె మీద సంతకం. అయినా చెప్పాను. ముప్పై ఒకటి మీద రెండు. కొత్త గుడ్డ. పాత అలవాటు. ఊదాల్సింది, ఊదలేదు. అన్నీ వరుసగా చెప్పాను.

అక్క ఏడుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. చేతిలోని పలక పక్కన పెట్టింది.

"ఊది ఉంటే వచ్చేవాడు" అంది. "నువ్వు ఊదితే అన్నం ముందు నుంచి గూడా లేచొచ్చేవాడు. మా మరదలు చెప్పిందంటే చెప్పిందే అనేవాడు."

మళ్లీ పలక అందుకుంది. నేను లేచి వచ్చేశాను. దారంతా ఏడ్చాను.

మే 27

దిద్దుబాటు: మే 19 నాటి తడి 31.2. అర డిగ్రీ తీసివేత పరిశీలకురాలి తప్పు. 22న పెట్టిన సంతకం అబద్ధం.

ఇక ఈ రోజు సంగతి. పన్నెండుకు తడి 31.4. కళ్లు నలుపుకొని మూడుసార్లు చూశాను. గుడ్డ శుభ్రంగా ఉంది. సైరన్ మూడుసార్లు తిప్పాను, చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పాను. పోలేరయ్య కూడా మారుమాట్లాడకుండా జనాన్ని తోలుకొచ్చాడు. చల్లగది తలుపు దగ్గర లెక్కపెట్టాడు. నూట ముప్పై తొమ్మిది.

దూరంగా నాలుగో మడిలో అక్క ఒక్కతే ఉప్పు లాగుతోంది.

కేకేశాను. వినిపించినట్టే లేదు. గట్టు మీద పరుగెత్తాను. ఆ ఎండలో యాభై ఏళ్ల మనిషి పరుగు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"అక్కా, ముప్పై ఒకటి దాటింది. లోపలికి రా."

"నువ్వు చెప్పావనా?" అంది, పలక ఆపకుండా. "నువ్వు ఊదలేదని ఆయన పోయాడు. ఇయ్యాల ఊదావని నేను లోపలికి పోవాలా? ఇయ్యాల ఎంత తీశావో, ఎంత కలిపావో నాకేం తెలుసు?"

ముఖం కందిపోయింది. పెదవులు తెల్లబడ్డాయి. లాక్కెళ్లాలని చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. మేస్త్రీ ఇద్దరిని పంపినా వాళ్లనూ విదిలించింది. అప్పుడు నాకు అర్థమైంది. ఆమెకు చావాలని లేదు. నా మాట నమ్మడానికి ఒళ్లు ఒప్పుకోవడం లేదు, అంతే.

వెనక్కి వచ్చి పెట్టె తెరిచాను. ఇరవై నాలుగేళ్లలో ఎప్పుడూ చేయని పని చేశాను. కొక్కేల నుంచి రెండు థర్మామీటర్లూ తీసి, నీళ్ల గిన్నె చంకన పెట్టుకుని, గట్టు మీదుగా మడిలోకి తీసుకెళ్లాను. నా కొంగు అడ్డం పట్టి వాటికి నీడ చేశాను, అట్టతో విసిరాను.

"నువ్వే చూడు" అన్నాను.

"నాకేం తెలుసు చూట్టం?"

"ఈ వెండి తీగ యాడ ఆగిందో చూడు. పెద్ద గీతకి ఒక డిగ్రీ. రెండు పెద్ద గీతల మధ్య చిన్నవి పది. పక్కన అంకె ఉంది. గుడ్డ పట్టుకుని చూడు, ఉప్పుందేమో."

అక్క పలక వదిలేసింది. తడిచేతులు చీరకు తుడుచుకుంది. ముందు గుడ్డను రెండు వేళ్లతో నలిపి, ఆ వేలు నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు మనుషులు ఏదైనా అలాగే చూస్తారు. తర్వాత గాజు దగ్గరకు ముఖం పెట్టి చూసింది. వేలితో ఒక్కో గీతా లెక్కపెట్టింది.

"ముప్పై ఒకటి" అంది. "దాని మీద నాలుగు."

"మళ్లీ చెప్పు."

ఈసారి చల్లగది వైపు తిరిగి అరిచింది. "ముప్పై ఒకటి మీద నాలుగు!" తలుపు దగ్గర నిలబడ్డవాళ్లందరూ విన్నారు. కవరు కోసం వచ్చి గట్టు చివర బండి ఆపుకున్న ఎల్లేష్ కూడా విన్నాడు. శత్రువుకు తెలియకూడని అంకె అలా మడుల మీదుగా పోయింది.

నేను ఎల్లేష్ వైపు చూశాను. అప్పుడే రెండు విమానాలు తలల మీదుగా లేచాయి. ఆ మోత తగ్గేదాకా ఆగి అన్నాడు.

"విమానాల సప్పుడుకు నాకేం ఇనవడలే అక్కా. జల్ది లోపలికి పోండ్రి."

అక్క నా కంటే ముందు నడిచింది. మెట్లు దిగేటప్పుడు తూలితే పోలేరయ్య భుజం పట్టుకున్నాడు. నీళ్లు తాగి, తల తడుపుకుని, ఊపిరి సర్దుకున్నాక నా చేతిలోని థర్మామీటర్ల వైపు చూసింది.

"రేపు గూడా మడిలోకే పట్టుకురా. నేనే చూస్తా" అంది.

నా పక్కన చోటు ఉంది. అక్క అవతలి గోడ దగ్గరకు వెళ్లి కూర్చుంది.